పాత కంపెనీ పీఎఫ్, సూపర్‌యాన్యుయేషన్ డబ్బు ఎన్‌పీఎస్‌లోకి మార్చుకోవచ్చా? ఎవరైనా చేయించుకున్నారా?

గోదారిగట్టు | 18 జనవరి 2026, ఉదయం

అందరికీ నమస్కారం. వచ్చే నెల కంపెనీ మారుతున్నాను. వయసు 46. ఇప్పుడున్న ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ల సర్వీసు. నా పేరు మీద రెండు చోట్ల డబ్బుంది. ఒకటి ఈపీఎఫ్, పాస్‌బుక్‌లో సుమారు 31 లక్షలు చూపిస్తోంది. రెండోది సూపర్‌యాన్యుయేషన్, అంటే నా రిటైర్‌మెంట్ పెన్షన్ కోసం కంపెనీ కట్టిన నిధి, 18 లక్షలు. ఇది ఎల్‌ఐసీ గ్రూపు పాలసీ, మా కంపెనీ ట్రస్టు పేరు మీద ఉంటుంది.

కొత్త కంపెనీలో సూపర్‌యాన్యుయేషన్ లేదు. దాని బదులు కార్పొరేట్ ఎన్‌పీఎస్ (కంపెనీ ద్వారా నేషనల్ పెన్షన్ సిస్టమ్) ఇస్తామన్నారు. నాకు ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా నంబరు) ముందే ఉంది, ఎప్పుడో పన్ను మినహాయింపు కోసం సొంతంగా తెరిచింది.

బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్‌తో ఈ ముక్క అన్నానో లేదో, "రెండూ కలిపి ఎన్‌పీఎస్‌లోకి లాగేద్దాం సార్, నచ్చిన ఫండ్ మేనేజర్‌ని పెట్టుకోవచ్చు, పైసా పన్ను పడదు" అన్నాడు. పాత కంపెనీ హెచ్‌ఆర్‌ని అడిగితే "ఇలాంటి రిక్వెస్టు మాకెప్పుడూ రాలేదండీ" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? అసలు మార్చడం లాభమా, నష్టమా?

బుల్‌రాజా | 18 జనవరి, ఉదయం

కుదిరితే కళ్లు మూసుకుని మార్చేయండి అన్నా. ఇంకా 14 ఏళ్లుంది మీకు అరవై రావడానికి. 8.25 శాతం దగ్గర 31 లక్షలు కూర్చోబెట్టడం దేనికి? ఎన్‌పీఎస్ యాక్టివ్ ఛాయిస్‌లో, అంటే వాటాలు మనమే నిర్ణయించుకునే పద్ధతిలో, 75 శాతం ఈక్విటీ (షేర్లు) పెట్టుకోవచ్చు. 2025 అక్టోబర్ 1 నుంచి మల్టిపుల్ స్కీమ్ ఫ్రేమ్‌వర్క్ (ఒకరే పలు స్కీములు ఎంచుకునే ఏర్పాటు) వచ్చాక ప్రభుత్వేతర చందాదారులకు నూటికి నూరు శాతం ఈక్విటీ స్కీములు కూడా వచ్చాయి. ఫండ్ ఛార్జీలు మ్యూచువల్ ఫండ్లతో పోలిస్తే నామమాత్రం.

రమణి_హెచ్‌ఆర్ | 18 జనవరి, మధ్యాహ్నం

గోదారిగట్టు గారూ, మీ రెండు డబ్బుల్నీ ఒకే గాటన కట్టకండి. రెండింటి దారులూ వేరు.

ముందు ఈపీఎఫ్. మీ కంపెనీ పీఎఫ్ నేరుగా ఈపీఎఫ్‌ఓకి కడుతోందా, సొంత ట్రస్టు ఉందా చూసుకోండి. యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) పాస్‌బుక్ పోర్టల్‌లో కనిపిస్తోందంటున్నారు కాబట్టి ఈపీఎఫ్‌ఓ దగ్గరే ఉన్నట్టు. ఆ పోర్టల్లో లాగిన్ అయితే ఆన్‌లైన్ సర్వీసుల కింద క్లెయిములు ఉంటాయి, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి బదిలీ, అంటే ఫారం 13, ఉంటుంది. ఎన్‌పీఎస్‌కి పంపే ఆప్షన్ ఉండదు. మీ బ్యాంకు అబ్బాయి చెప్పింది చేయాలంటే అతనైనా ఏ బటన్ నొక్కాలో చూపించాలి కదా! నేను పేరోల్‌లో ఉన్నంత కాలంలో ఈపీఎఫ్‌ఓ నుంచి ప్రాన్‌లోకి డబ్బు వెళ్లిన కేసు ఒక్కటీ చూడలేదు.

కాబట్టి ఈపీఎఫ్ సంగతి సింపుల్. కొత్త కంపెనీలో అదే యూఏఎన్ ఇవ్వండి, పాత మెంబర్ ఐడీలో బ్యాలెన్సు కొత్తదానికి మార్చుకోండి. ఇక్కడ జనం ఇరుక్కునేది ఒక్క చోటే: పాత కంపెనీ మీ 'డేట్ ఆఫ్ ఎగ్జిట్' వేయదు. అది ఖాళీగా ఉంటే బదిలీ కదలదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్లో మీరే వేసుకోవచ్చు, కానీ వెళ్లేముందే మీ హెచ్‌ఆర్ చేత వేయిస్తే గొడవుండదు.

సూపర్‌యాన్యుయేషన్ మాత్రం ఎన్‌పీఎస్‌కి మారుతుంది. నా దగ్గర జరిగాయి కూడా. దాని గురించి సాయంత్రం రాస్తాను, ఇప్పుడు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ల మీద కూర్చున్నాను.

లెక్కలపుస్తకం | 18 జనవరి, సాయంత్రం

రమణి గారు ఆచరణ చెప్పారు, నేను చట్టం వైపు చెబుతాను. ఎందుకంటే ఆ బ్యాంకు అబ్బాయి పూర్తిగా గాల్లోంచి చెప్పలేదు, సగం తెలిసి చెప్పాడు.

2015 ఫిబ్రవరి 28 బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఉద్యోగికి ఈపీఎఫ్ కావాలో ఎన్‌పీఎస్ కావాలో ఎంచుకునే అవకాశం ఇస్తామన్నారు. మరుసటి ఏడాది ఫైనాన్స్ యాక్ట్ 2016లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించారు. గుర్తింపు పొందిన ప్రావిడెంట్ ఫండ్ నుంచి గానీ, ఆమోదం పొందిన సూపర్‌యాన్యుయేషన్ ఫండ్ నుంచి గానీ ఎన్‌పీఎస్‌కి డబ్బు మారితే ఆ మొత్తం మీద పన్ను లేదన్నారు. 2017 మార్చిలో పీఎఫ్‌ఆర్‌డీఏ (ఎన్‌పీఎస్ నియంత్రణ సంస్థ) దానికి సంబంధించిన పద్ధతి చెబుతూ సర్క్యులర్ ఇచ్చింది. పేపర్లన్నీ అప్పట్లో "ఇక పీఎఫ్ ఎన్‌పీఎస్‌లోకి" అని రాశాయి. బ్యాంకులు ఇప్పటికీ ఆ కటింగులే చూపిస్తున్నట్టున్నాయి.

అయితే పన్ను లేదని చెప్పడం ఆదాయపు పన్ను చట్టం పని. డబ్బు వదలాల్సింది ఈపీఎఫ్ చట్టం. ఉద్యోగి తన ఇష్టం మీద ఈపీఎఫ్ నుంచి ఎన్‌పీఎస్‌కి వెళ్లే ఏర్పాటు ఆ చట్టంలోకి రాలేదు. అందుకే 2016 సవరణ నిజంగా ఉపయోగపడింది సూపర్‌యాన్యుయేషన్ వాళ్లకీ, ఈపీఎఫ్ చట్టం పరిధిలో లేకుండా సొంతంగా గుర్తింపు తెచ్చుకున్న పీఎఫ్ ట్రస్టుల వాళ్లకీ.

ఇంకో మెలిక. పీఎఫ్ విషయంలో మినహాయింపు రాసిన వాక్యంలో "ఖాతాలో ఉన్న మొత్తం నిల్వ" మారాలని ఉంది. పది లక్షలు అటు, ఇరవై లక్షలు ఇటు అని పంచుకునే వీల్లేదు. రేపు ఎప్పుడైనా ఈపీఎఫ్‌ఓ తలుపు తీసినా, వెళ్తే అంతా వెళ్లాలి.

వెళ్లాక నష్టం ఏంటో కూడా చూడండి. అయిదేళ్ల సర్వీసు దాటిన ఈపీఎఫ్ మొత్తం, అసలు వడ్డీ కలిపి, రిటైరైనప్పుడు పన్ను లేకుండా చేతికొస్తుంది. (ఏడాదికి సొంత చందా రెండున్నర లక్షలు దాటితే, ఆ పై భాగం వడ్డీ మీద 2021 ఏప్రిల్ నుంచి పన్ను ఉంది, అది వేరే కథ.) అదే 31 లక్షలు ఎన్‌పీఎస్‌లో ఉంటే కనీసం 20 శాతం, అంటే 6 లక్షల 20 వేలు పెట్టి యాన్యుటీ (బీమా సంస్థ నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాలి. ఆ యాన్యుటీ మీద నెలనెలా వచ్చేది మీ స్లాబు ప్రకారం ఆదాయమే. పూర్తిగా పన్ను లేని డబ్బుని సగం పన్ను పడే డబ్బుగా మార్చుకోవడానికి ఫారాలు నింపడం ఎందుకు? నా ఉద్దేశంలో ఈపీఎఫ్‌ని కదపలేకపోవడం మీకు నష్టమేమీ కాదు.

కాకతీయకుర్రాడు | 18 జనవరి, రాత్రి

సార్ అయితే షార్ట్‌కట్ ఒకటుంది కదా. రిజైన్ చేశాక పీఎఫ్ మొత్తం విత్‌డ్రా చేసి, ఆ డబ్బు మనమే ఎన్‌పీఎస్ టైర్-1లో (అసలు పెన్షన్ ఖాతాలో) కట్టేస్తే? నాది మూడేళ్ల సర్వీసే, నేనైతే అదే చేద్దామనుకుంటున్నా.

రమణి_హెచ్‌ఆర్ | 18 జనవరి, రాత్రి

తమ్ముడూ, ఆగు. ఫైనల్ సెటిల్‌మెంట్ ఉద్యోగం లేనివాళ్లకి. ఇంకో కంపెనీలో చేరి, అక్కడ పీఎఫ్ మొదలయ్యాక పాతది "నిరుద్యోగి" అని రాసి తీయడం తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. 2025 అక్టోబర్ 13న సీబీటీ (ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు) మీటింగులో ఈ నిరీక్షణ కాలాన్ని రెండు నెలల నుంచి పన్నెండు నెలలకు పెంచాలని నిర్ణయించారు కూడా.

ఇక నీది మూడేళ్లు. అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, మొత్తం 50 వేలు దాటితే పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్ కోసుకునే ఇస్తారు. బదిలీ చేసుకుంటే పాత కంపెనీ మూడేళ్లూ కొత్త కంపెనీ సర్వీసుకి కలుస్తాయి, అయిదేళ్ల లెక్క అక్కడే పూర్తవుతుంది. తీసి కట్టడానికీ, బదిలీకీ తేడా ఇదే.

లెక్కలపుస్తకం | 18 జనవరి, రాత్రి

దానికి తోడు, తీసి సొంతంగా కడితే వచ్చే అదనపు 50 వేల మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకి అదీ లేదు. కుర్రాడు గారు ఏ విధానమో చూసుకోండి.

పెద్దాయన58 | 19 జనవరి, ఉదయం

నేను రిటైరయ్యాను. ఈ బుల్‌రాజా లాంటి కుర్రాళ్లు మా ఆఫీసులోనూ ఉండేవారు, వాళ్లమీద కోపమేం లేదు. ఒక మాట మాత్రం ఎవరూ చెప్పడం లేదు, అందుకే రాస్తున్నాను.

పాస్‌బుక్ తెరిస్తే మూడు గడులుంటాయి. మీ వాటా, కంపెనీ వాటా, మూడోది పెన్షన్ వాటా. మీ జీతం ఎంతైనా పెన్షన్ గడిలో నెలకు 1,250 దగ్గరే ఆగిపోయి కనిపిస్తుంది చాలామందికి. ఎందుకంటే కంపెనీ వాటాలో 8.33 శాతం ఈపీఎస్‌కి (ఉద్యోగుల పెన్షన్ పథకానికి) వెళ్తుంది, అదీ 15 వేల జీతం పరిమితి మీదే. ఆ మూడో గడి మీకు ఖాతాలా పెరిగే డబ్బు కాదు. దానికి వడ్డీ కనపడదు. దాన్ని ఎన్‌పీఎస్‌కి గానీ ఇంకెక్కడికి గానీ తీసుకెళ్లలేరు. పదేళ్లు దాటాక చేతికి తీసుకోనూలేరు, సర్వీసుగా మోసుకెళ్లాల్సిందే. 58 నిండాక పెన్షన్‌గా వస్తుంది.

ఎంత వస్తుందో లెక్క తేలికే. పెన్షన్ లెక్కకి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 15 వేల మీద 35 ఏళ్లు చేసినా నెలకు ఏడున్నర వేలు. ఇరవై దాటితే రెండేళ్ల బోనస్ కలుపుతారు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. నాకైతే మూడు వేలు దాటదు. ఆ లెక్కన మీ పెన్షన్ అంటే అసలు మీ సూపర్‌యాన్యుయేషనే. దాన్ని కదిపే ముందు ఇంట్లో ఆవిడతో కూర్చుని మాట్లాడండి.

మార్కెట్ల సంగతి నాకు తెలీదని కాదు. ఈపీఎఫ్‌ఓ కూడా 2015 నుంచి ఈటీఎఫ్‌లలో (షేర్ మార్కెట్ ఫండ్లలో) కొంత పెడుతూనే ఉంది. కానీ ఆ ఆటుపోట్లు నా పాస్‌బుక్‌లో కనపడవు, రాత్రి నిద్ర పాడవదు.

బుల్‌రాజా | 19 జనవరి, మధ్యాహ్నం

పెద్దాయన గారూ, ఈపీఎస్ మీద మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పాస్‌బుక్ మూడో గడి చూసి అది తన డబ్బే అనుకునేవాళ్లు నా టీమ్‌లోనే ఉన్నారు.

కానీ సూపర్‌యాన్యుయేషన్ కదపొద్దంటే ఒప్పుకోను. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో ట్రస్టు నిర్ణయిస్తుంది, ఉద్యోగికి మాట లేదు. చివర్లో యాన్యుటీ కూడా ట్రస్టు పద్ధతి ప్రకారమే. ఎన్‌పీఎస్‌లో పది మంది ఫండ్ మేనేజర్లలో ఎవరు కావాలంటే వాళ్లు. నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఈక్విటీ ఎంత, గవర్నమెంటు బాండ్లు ఎంత అన్నది కూడా మన చేతిలోనే. 46 ఏళ్లవాడికి ఇంకా పద్నాలుగేళ్లుంటే 18 లక్షలు మొత్తం బాండ్లలోనే ఉండాలా? ఈపీఎఫ్ 31 లక్షలు ఎలాగూ స్థిరమైన వడ్డీ దగ్గరుంది, దాన్ని బాండు భాగంగా చూసుకోండి. రెండోదానితో కాస్త ధైర్యం చేయొచ్చు.

పెద్దాయన58 | 19 జనవరి, మధ్యాహ్నం

మొదటి పోస్టులో 31 లక్షలు కూడా కళ్లు మూసుకుని మార్చేయమన్నారు, ఇప్పుడు దాన్ని బాండు భాగంగా చూసుకోమంటున్నారు. కళ్లు తెరిచారు, సంతోషం.

గోదారిగట్టు | 19 జనవరి, రాత్రి

అందరికీ ధన్యవాదాలు. ఈపీఎఫ్ ఫారం 13తో కొత్త కంపెనీకి, అది తేలిపోయింది. ఈపీఎస్ సర్వీసు కూడా దాంతో పాటే వెళ్తుందని అర్థమైంది.

సూపర్‌యాన్యుయేషన్ 18 లక్షల దగ్గర ఇంకా ఊగిసలాడుతున్నాను. ఎల్‌ఐసీలోనే ఉంచేస్తే రిటైర్‌మెంటప్పుడు ఎంత చేతికి, ఎంత పెన్షన్‌కి? ఎన్‌పీఎస్‌లోకి వెళ్తే ఎంత? వృద్ధి సంగతి పక్కన పెట్టి, ఉన్న 18 లక్షల మీదే ఎవరైనా లెక్క వేసి చూపిస్తారా? పదవీ విరమణప్పుడు గ్రాట్యుటీ కూడా వస్తుంది నాకు.

లెక్కలపుస్తకం | 20 జనవరి, ఉదయం

వేద్దాం. యాన్యుటీ రేటు 6 శాతం అనుకుంటున్నాను, ఇది కేవలం పోలిక కోసం. మీరు కొనే రోజున రేటు వేరుగా ఉంటుంది, మీరు పోయాక అసలు నామినీకి తిరిగిచ్చే రకం తీసుకుంటే ఇంకా తగ్గుతుంది.

ఎల్‌ఐసీ సూపర్‌యాన్యుయేషన్‌లోనే ఉంచితే: గ్రాట్యుటీ వచ్చేవాళ్లకి మూడో వంతు వరకు పన్ను లేకుండా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ఒకేసారి చేతికి తీసుకోవచ్చు. గ్రాట్యుటీ లేనివాళ్లకైతే సగం. మీకు మూడో వంతు, అంటే 6 లక్షలు చేతికి. మిగతా 12 లక్షలు యాన్యుటీకి. 6 శాతం మీద ఏడాదికి 72 వేలు, నెలకు 6 వేలు. అది పన్ను పడే ఆదాయం.

ఎన్‌పీఎస్‌లోకి మారిస్తే: 2025 డిసెంబర్‌లో పీఎఫ్‌ఆర్‌డీఏ నిష్క్రమణ నిబంధనలు మార్చింది. ప్రభుత్వేతర చందాదారులు పెద్ద మొత్తాల్లో 80 శాతం వరకు ఒకేసారి తీసుకోవచ్చు, కనీసం 20 శాతం యాన్యుటీకి. అంతకుముందు 60, 40 ఉండేది. కొత్త లెక్కన 14 లక్షల 40 వేలు చేతికి, 3 లక్షల 60 వేలు యాన్యుటీకి. నెలకు 1,800.

ఇప్పుడు మెలిక. ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు 60 శాతం వరకే రాసి ఉంది. అంటే 10 లక్షల 80 వేల మీద బెంగ లేదు. 60 నుంచి 80 మధ్య ఉన్న ఆ 3 లక్షల 60 వేలకి చట్టంలో రక్షణ రాలేదు. మీరు రిటైరయ్యేది ఇప్పుడు కాదు కాబట్టి, దీన్ని చూసి నిర్ణయం మార్చుకోనక్కర్లేదు. అయినా "80 శాతం పన్ను లేకుండా" అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ నంబర్లన్నీ మారతాయి. పాత నంబర్లతో వాట్సాప్‌లో వచ్చే పట్టికలు పక్కన పడేయండి.

పెద్దాయన గారి మాటలో బలం ఎక్కడుందంటే, నెలకు 6 వేలకీ 1,800కీ తేడా నిజం. చేతికొచ్చిన పద్నాలుగు లక్షలు పిల్లల పెళ్లికో, ఫ్లాటు బుకింగుకో వెళ్లిపోతే నెలనెలా వచ్చేది మిగలదు. అయితే ఎన్‌పీఎస్‌లో 20 శాతం కనీస మొత్తం, గరిష్ఠం కాదు. కావాలనుకుంటే నూటికి నూరు శాతం యాన్యుటీ కొనుక్కోవచ్చు, అదీ మీకు నచ్చిన బీమా సంస్థ దగ్గర. అందుకే నేనైతే మారుస్తాను. అవసరాన్ని బట్టి తేల్చుకునే స్వేచ్ఛ అక్కడ ఎక్కువ.

డల్లాస్‌బాబు | 20 జనవరి, సాయంత్రం

ఆసక్తికరంగా ఉంది థ్రెడ్. ఇక్కడ అమెరికాలో ఉద్యోగం మారితే 401కే (కంపెనీ ఇచ్చే రిటైర్‌మెంట్ ఖాతా) నుంచి ఐఆర్‌ఏకి (సొంత రిటైర్‌మెంట్ ఖాతాకి) రోలోవర్, అంటే బదిలీ, చాలా మామూలు విషయం, ఆన్‌లైన్‌లో అడిగితే అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: డైరెక్ట్ రోలోవర్ చేయాలి. చెక్కు మన పేరు మీద రాయించుకుంటే 20 శాతం పన్ను కింద పట్టుకుని ఇస్తారు, మొత్తం 60 రోజుల్లో కొత్త ఖాతాలో వేయాలి, ఆ పట్టుకున్న 20 శాతం కూడా మన జేబులోంచి కలపాలి. లేదంటే విత్‌డ్రాయల్ కింద లెక్క. అక్కడ ఇండియాలోనూ ఇలాంటి తిరకాసు ఉంటుందా?

రమణి_హెచ్‌ఆర్ | 20 జనవరి, రాత్రి

డల్లాస్‌బాబు గారూ, సరిగ్గా గుర్తుచేశారు. ఇక్కడా అంతే, డబ్బు ఉద్యోగి సేవింగ్స్ ఖాతాలో ఒక్క రోజు పడినా అది బదిలీ కాదు, విత్‌డ్రాయలే. సూపర్‌యాన్యుయేషన్ మధ్యలో తీసుకుంటే పన్ను పడుతుంది. 60 రోజుల గడువు లాంటి సర్దుబాటు కూడా లేదు.

గోదారిగట్టు గారూ, మీ పని ఈ వరసలో సాగుతుంది. మొదట మీ కంపెనీ ట్రస్టు డీడ్‌లో (ట్రస్టు నిబంధనల పత్రంలో) ఎన్‌పీఎస్‌కి బదిలీ చేసే అధికారం ఉందా అని ట్రస్టీలని రాతపూర్వకంగా అడగండి. హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయిని అడిగితే తెలీదనే అంటుంది. కంపెనీ సెక్రటరీనో, ఫైనాన్స్‌లో ట్రస్టు లెక్కలు చూసే ఆయన్నో పట్టుకోండి. డీడ్‌లో లేకపోతే ట్రస్టీలు సవరించుకోవాలి, అది మీ ఒక్కరి కోసం చేస్తారా అన్నది వాళ్ల మనసు.

ఉందంటే, ప్రాన్ వివరాలతో అర్జీ ఇవ్వండి. ప్రాన్ టైర్-1 యాక్టివ్‌గా ఉండాలి. చాలాకాలం చందా కట్టకుండా వదిలేస్తే ఫ్రీజ్ అయి ఉంటుంది, ముందు అది తెరిపించుకోవాలి. టైర్-2లోకి (ఎప్పుడైనా తీసుకోగల అదనపు ఖాతాలోకి) బదిలీ కుదరదు.

చెక్కు లేదా డీడీ ఎవరి పేరున అన్నదే ప్రాణం. పీఓపీ (ఎన్‌పీఎస్ డబ్బు జమ తీసుకునే బ్యాంకు లేదా సంస్థ) పేరు, తర్వాత 'కలెక్షన్ అకౌంట్', తర్వాత 'ఎన్‌పీఎస్ ట్రస్ట్', తర్వాత చందాదారు పేరు, చివర ప్రాన్. ఈ వరస తప్పితే పీఓపీ వాళ్లు వెనక్కి పంపేస్తారు. చెక్కుతో పాటు కంపెనీ లెటర్ హెడ్ మీద ఒక ఉత్తరం వెళ్లాలి: ఫలానా ఉద్యోగి, ఫలానా ప్రాన్, ఇంత మొత్తం, ఇది ఆమోదం పొందిన సూపర్‌యాన్యుయేషన్ ఫండ్ నుంచి బదిలీ, ఉద్యోగి ప్రాన్ టైర్-1లో జమ చేయగలరు అని.

ఆ ఉత్తరం లేకపోతే కౌంటర్లో కూర్చున్నవాళ్లు దాన్ని మామూలు చందాగా ఎక్కించేస్తారు. అప్పుడు ఏడాది చివర మీ స్టేట్‌మెంట్‌లో 18 లక్షలు మీరు సొంతంగా కట్టినట్టు కనపడుతుంది, ఇంత డబ్బు ఎక్కడిదని ప్రశ్న వస్తుంది. బదిలీ మొత్తం ఆ ఏడాది ఆదాయం కాదు, ఆ ఏడాది చందా కూడా కాదు, కాబట్టి దానిమీద మినహాయింపు క్లెయిమ్ చేయొద్దు. ఫారం 16లో కూడా కలవకుండా చూసుకోండి.

పీఓపీ ఛార్జీ ముందే అడగండి. ఇంత పెద్ద మొత్తం మీద శాతం లెక్కన తీసుకుంటే వేలల్లో ఉంటుంది. ఆ బ్యాంకు అబ్బాయి ఉత్సాహానికి కారణం కూడా అక్కడ దొరకొచ్చు. అలాగే గ్రూపు పాలసీ నుంచి తీసేటప్పుడు ఏదైనా కోత ఉందా అన్నది ట్రస్టు చేత కాగితం మీద చెప్పించుకోండి.

సీపీఎస్_టీచరమ్మ | 21 జనవరి, ఉదయం

మధ్యలో వచ్చానని ఏమనుకోకండి. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన సీపీఎస్ (ఎన్‌పీఎస్ కింద పెన్షన్ ఉండే) ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. ఉద్యోగం వదిలి ప్రైవేటు కాలేజీలో చేరదామనుకుంటున్నాను. నా ప్రాన్ డబ్బు ఏమవుతుంది? తీసేసుకోమంటున్నారు తోటివాళ్లు.

రమణి_హెచ్‌ఆర్ | 21 జనవరి, మధ్యాహ్నం

మేడమ్, తీసుకోవద్దు. ముందుగా నిష్క్రమిస్తే ఎక్కువ భాగం యాన్యుటీకే పోతుంది, చేతికొచ్చేది తక్కువ. ప్రాన్ మీతోనే ఉంటుంది, నంబరు మారదు. కొత్త కాలేజీలో కార్పొరేట్ ఎన్‌పీఎస్ ఉంటే అక్కడికి, లేకపోతే ఆల్ సిటిజన్ మోడల్‌కి (ఎవరైనా సొంతంగా కట్టుకునే ఎన్‌పీఎస్‌కి) ఇంటర్ సెక్టార్ షిఫ్టింగ్ ఫారం పెట్టుకోండి. గోదారిగట్టు గారి సొంత ప్రాన్‌ని కొత్త కంపెనీ కిందకి తెచ్చుకోవడానికీ అదే ఫారం. కొత్త కంపెనీ వాళ్లు ఇంకో ప్రాన్ తెరుస్తామంటే ఒప్పుకోకండి, ఒక మనిషికి ఒకటే ప్రాన్.

బుల్‌రాజా | 21 జనవరి, మధ్యాహ్నం

కొత్త కంపెనీ అనగానే గుర్తొచ్చింది. కొత్త పన్ను విధానంలో కూడా కంపెనీ మీ పేరున ఎన్‌పీఎస్‌లో కట్టే దానికి బేసిక్, డీఏ మీద 14 శాతం వరకు మినహాయింపు ఉంది. బేసిక్ 80 వేలైతే నెలకు 11,200. ఏడాదికి లక్షా 34 వేల 400. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే సీటీసీలో (జీతం ప్యాకేజీలో) ఇది పెట్టించుకోండి అన్నా. పాత డబ్బు మార్చడం కన్నా దీంట్లో మిగిలేదే ఎక్కువేమో.

లెక్కలపుస్తకం | 21 జనవరి, సాయంత్రం

బుల్‌రాజా ఈసారి బంగారం లాంటి మాటన్నాడు. ఒక్క షరతు: పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్‌కి కంపెనీ కట్టేది మూడూ కలిపి ఏడాదికి ఏడున్నర లక్షలు దాటకూడదు. దాటిన భాగం జీతంలో కలుస్తుంది. మీ స్థాయికి ఆ భయం లేదనుకుంటాను.

గోదారిగట్టు | 29 జనవరి, రాత్రి

అప్‌డేట్. ఫైనాన్స్‌లో ట్రస్టు లెక్కలు చూసే పెద్దమనిషి దొరికారు. డీడ్ తెప్పించి చూపించారు, కొన్నేళ్ల కిందటే సవరించి ఎన్‌పీఎస్ బదిలీకి వీలు పెట్టుకున్నారట. హెచ్‌ఆర్‌కి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎల్‌ఐసీ నుంచి తీయడంలో కోత లేదని ట్రస్టు మెయిల్ ఇచ్చింది. అర్జీ ఇచ్చాను. బ్యాంకు అబ్బాయిని ఛార్జీ ఎంతని అడిగితే "కనుక్కుని చెబుతా సార్" అన్నాడు, ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు. కొత్త కంపెనీ వాడే పీఓపీ దగ్గరే జమ చేయించుకోమని అక్కడి పేరోల్ వాళ్లు చెప్పారు, అలాగే చేస్తున్నాను. 14 శాతం సంగతి కూడా అడిగాను, సీటీసీలో పెడతామన్నారు.

పెద్దాయన గారూ, మీరు చెప్పినట్టే ఇంట్లో కూర్చుని మాట్లాడాం. ఈక్విటీ సగమే పెట్టాలని, అరవై వచ్చాక 20 శాతంతో సరిపెట్టకుండా సగానికైనా యాన్యుటీ కొనాలని ఆవిడ షరతు. ఒప్పుకున్నాను.

పెద్దాయన58 | 29 జనవరి, రాత్రి

ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. ప్రాన్‌లో నామినీ ఎవరున్నారు? పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో అమ్మానాన్నల పేర్లే ఉండిపోతాయి చాలామందికి.

గోదారిగట్టు | 30 జనవరి, ఉదయం

పెళ్లయ్యాకే తెరిచాను, ఆవిడ పేరే ఉంది. యూఏఎన్‌లో ఈ-నామినేషన్ మాత్రం ఖాళీగా ఉంది, ఫొటో అప్‌లోడ్ దగ్గర ఆగిపోయింది. ఈ ఆదివారం పూర్తి చేస్తాను.

రమణి_హెచ్‌ఆర్ | 30 జనవరి, ఉదయం

ఫొటో పాస్‌పోర్టు సైజులో, జేపీజీలో, తక్కువ సైజు ఫైలుగా పెట్టండి, వెళ్తుంది. చివర్లో ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేస్తేనే నామినేషన్ పూర్తయినట్టు, సేవ్ చేసి వదిలేస్తే లెక్కలోకి రాదు. పాత కంపెనీ మెయిల్ ఐడీ పోయేలోపు ట్రస్టు ఇచ్చిన ఆ మెయిల్‌ని మీ సొంత ఐడీకి ఫార్వర్డ్ చేసుకోండి, కంపెనీ ఉత్తరం కాపీ మీద పీఓపీ వాళ్ల రసీదు ముద్ర వేయించుకోండి.